అక్షరాలన్నీ వచ్చు, కలిపి చదవడం రావట్లేదు అంటే ముందు చెవికి పని చెప్పండి

నాలుగేళ్ల బాబుకి ఇంగ్లీషు అక్షరాలన్నీ వచ్చినా కలిపి చదవలేకపోతున్నాడు, ఇంట్లో ఏం చేయాలి అని అడిగారు. కొన్నాళ్లు అక్షరాల పుస్తకం పక్కన పెట్టేయండి. నాలుగేళ్లకి కలిపి చదవలేకపోవడం లోపమేమీ కాదు, టెన్షన్ పడకండి. మాటలో ఏయే శబ్దాలున్నాయో చెవితో పట్టుకోవడం ఇంకా అలవాటు కాలేదు, అంతే.

మా పాపకి బీ, ఏ, టీ చూపించి చదవమంటే 'బీయేటీ' అనేది. అక్షరం పేరు వేరు, దాని శబ్దం వేరు అని నాకు తెలిశాక 'బు, యా, టు' అని నేర్పాను. పాపం బుద్ధిగా కలిపి 'బుయాటు' అంది. తప్పు నాదే. హల్లుని అచ్చు లేకుండా పలకడం మనకి కష్టం, బస్‌ని కూడా బస్సు అనే అంటాం కదా.

ఒక రాత్రి లైటు తీసేశాక నిద్రపోకుండా సతాయిస్తుంటే, "'మాట'లో 'మా' తీసేసి 'పా' పెడితే ఏమొస్తుంది?" అని ఊరికే అడిగాను. చప్పుడు లేదు. నిద్రపోయిందనుకున్నాను. "పాట!" అని లేచి కూర్చుంది. ఇక బాట, కోట, తోట, వేట... మధ్యలో 'నూట', 'గీట' కూడా వచ్చాయి. 'గీట' అంటే ఏంటో ఇద్దరికీ తెలియదు, అయినా సరే అన్నాను, ఎందుకంటే శబ్దం సరిగ్గానే మార్చింది. పలకలో 'ప' తీసేస్తే 'లక' అని కూడా తనే చెప్పింది. నెలల తరబడి వర్క్‌షీట్లతో రానిది ఆ చీకట్లో వచ్చింది.

మూడేళ్ల పిల్లల చేత పేజీలకి పేజీలు రాయించడం, 'ఎంతవరకు వచ్చాయి' అని చుట్టాలు లెక్కలడగడం చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. ఇంగ్లీషులో అక్షరాలు 26, శబ్దాలు సుమారు 44. అక్షరాల పేర్లు వల్లిస్తే ఆ శబ్దాలు ఎక్కడినుంచి వస్తాయి?

మీరు గొ-డు-గు అని చప్పట్లు కొట్టిస్తూ మొదలుపెట్టండి. తర్వాత సాగే శబ్దాలు పట్టుకోండి: స్స్స్, మ్మ్మ్, న్న్న్. 'సన్' అనే మాటని స్స్స్-అ-న్న్న్ అని సాగదీస్తే మధ్యలో ఆపక్కర్లేదు కాబట్టి పిల్లలు తేలిగ్గా కలుపుతారు. బ్, ట్ అలా సాగవు, వాటిని తర్వాత చూసుకోవచ్చు. రోజుకి పది నిమిషాలు చాలు, విసుక్కుంటే అప్పటికి ఆపేయండి.

ఇంకొకటి, బాబుకి తరచూ జలుబు చేసి చెవి పోటు వస్తుంటే వినికిడి పరీక్ష చేయించండి, సరిగ్గా వినపడకపోతే ఈ ఆటలేవీ పనిచేయవు.