లాంతరుకి రంగు వేసింది మీరు, నోరు విప్పాల్సింది ఆయన

పర్లాకిమిడి నుంచి ఒక కోడలు రాశారు. పెళ్లయి నాలుగేళ్లు. భర్తకి బరంపురంలో ఉద్యోగం, శనివారం వచ్చి సోమవారం తెల్లారేసరికి వెళ్లిపోతారు. అటక మీద తుప్పుపట్టిన కిరోసిన్ లాంతరు దొరికితే ఫోటో తీసి పంపి, "రంగు వేయనా?" అని ఆయన్ని అడిగారు. వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు వచ్చింది. శాండ్ పేపర్‌తో తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, ఎర్రమట్టి రంగు వేసి, దాని మీద తెల్లగా సవర గిరిజనుల బొమ్మలు గీసి, లోపల ఎల్ఈడీ బల్బు పెట్టి హాల్లో వేలాడదీశారు. అత్తగారు చూసి, "ఆ మాటు కూడా కనబడకుండా చేసేశావా" అని లోపలికి వెళ్లిపోయారు. మూడు వారాలుగా మాటల్లేవు. రెండుసార్లు క్షమించమన్నా పలకలేదు. అది మామగారి లాంతరనీ, తిత్లీ తుపాను రాత్రులు దాని వెలుగులోనే గడిచాయనీ పక్కింటి పిన్నిగారు చెబితే తెలిసిందట. మామగారిని ఈ అమ్మాయి చూడలేదు, పెళ్లికి ముందే పోయారు. భర్తేమో "మీరిద్దరూ చూసుకోండి" అన్నారు. రంగు తీసేయాలా, అలాంటిదే కొత్తది కొనివ్వాలా అని అడుగుతున్నారు.

అమ్మా, కొత్తది కొనే ఆలోచన ఇప్పుడే మానేయండి. మీ అత్తగారికి లాంతరు కరువై బాధపడటం లేదు. రంగు సంగతి చివర్లో చెబుతాను, అది పావుగంట పని.

ఆవిడ అన్న ఒక్క మాటే పట్టుకోండి. రంగు గురించి అనలేదు, బొమ్మల గురించి అనలేదు. మాటు గురించి అన్నారు, అంటే చిల్లుకి సీసంతో వేసిన అతుకు గురించి. కిరోసిన్ కారుతుంటే అడుగున ఎవరో మాటు వేయించి ఉంటారు, బహుశా మీ మామగారే. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. మీ గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఆ రాత్రులు భర్త పక్కన ఉండగా ఆ వెలుగులో కూర్చున్న మనిషి ఆవిడ. ఆయన పోయాక ఆయన చేయి పడిన గుర్తుగా ఆ సీసం మచ్చ మిగిలింది. దాని మీద మీరు ప్రైమర్ కొట్టారు.

తప్పు మీదా? కాదు. మీకు ఎవరు చెప్పారు కనక! ఇక్కడే నాకు కోపం వస్తోంది. ఇంట్లో నాలుగేళ్లుగా ఉన్న కోడలికి ఆ ఇంటి కథ పక్కింటి పిన్నిగారు చెప్పాలా? మీరు అడిగే వేశారు. ఆ ఫోటో చూసినప్పుడు అది ఎవరి లాంతరో మీ ఆయనకి తెలుసు. రెండు ముక్కలు రాయడానికి తీరిక లేక బొటనవేలు పంపి ఊరుకున్నారు. తల్లి కళ్లనీళ్లు పెట్టుకుంటే మీరిద్దరూ చూసుకోండి అంటున్నారు. ఇది మంచితనం కాదమ్మా, తప్పించుకోవడం. తండ్రి పోయాక తల్లి దగ్గర కూర్చుని ఆయన గురించి మాట్లాడటం కొడుకు బాధ్యత. అది ఆయన చేయలేదు కాబట్టే ఆవిడ దుఃఖం మీ మీదకి మళ్లింది.

గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్న ఊరు మీది. మీరు గీసిన బొమ్మలు ఊరికే అలంకారం కావు. సవరలు వాటిని ఇడితాల్ అంటారు, చనిపోయిన పెద్దల కోసం కూడా గోడ మీద రాస్తారు. తెలియకుండానే మీ మామగారి లాంతరు మీద వాటిని రాశారు. ఈ మాట అత్తగారితో తప్పకుండా అనండి. ఇంకోసారి క్షమాపణ మాత్రం వద్దు, రెండుసార్లు చెప్పారు, చాలు.

ఈ శనివారం ఆయన రాగానే అత్తయ్యగారి గదిలో లాంతరు పెట్టి ముగ్గురూ కూర్చోండి. మీరు టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్లకండి. "ఆ మాటు ఎప్పుడు వేయించారమ్మా?" అని ఆయనే అడగాలి. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి.

రంగు మొత్తం గీకకండి, పాత రేకు పల్చగా ఉంటుంది, చిల్లు పడుతుంది. గాజు బుడ్డి తీసి పక్కన పెట్టి, గుడ్డకి కాస్త థిన్నర్ అద్ది, మాటు ఉన్న మేరకే తుడిస్తే సీసం బయటపడుతుంది. తుడిచాక తుప్పు పట్టకుండా కొబ్బరినూనె చుక్క రాయండి. థిన్నర్ మండుతుంది కాబట్టి దీపం దగ్గర వద్దు, కిటికీ తెరిచి ఉంచండి. రంగు ఉన్నంతకాలం దాన్ని కిరోసిన్‌తో వెలిగించకండి. ఆ తుడిచే పని మాత్రం మీరు చేయొద్దు, గుడ్డ మీ ఆయన చేతికివ్వండి.