రిపోర్టు రాకముందే మూడు రూపాయల వడ్డీకా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమస్తాను, జీతం 28,000. నా భార్యకు ఆయాసం వస్తే నల్లగొండలో ఎకో తీయించాం. గుండె ఎడమ పై గదిలో గడ్డలాంటిది ఉంది, హైదరాబాద్‌లో గుండె ఎంఆర్ఐ చేయించమన్నారు. అమ్మాయి పెళ్లికని వేసిన 2 లక్షల డిపాజిట్ కదిలించడం ఇష్టం లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి 4 లక్షలు తీసుకోవచ్చా? ఈలోగా ఆరోగ్య బీమా కడితే పనికొస్తుందా?

జవాబు: 4 లక్షలన్న లెక్క ఎవరు చెప్పారు? ఆ గడ్డ ఏమిటో తేలకుండా ఏ డాక్టరూ చెప్పలేరు. అది తేల్చడానికే ఎంఆర్ఐ రాశారు. గడ్డకట్టిన రక్తమూ, కణితీ ఎకోలో ఒకేలా కనిపించవచ్చు. ఎంఆర్ఐలో గాడోలినియం మందు ఎక్కించి చూస్తారు. రక్తం అందే కణితి దాన్ని పీల్చుకుంటుంది, గడ్డకట్టిన రక్తం సాధారణంగా పీల్చుకోదు. రక్తపు గడ్డ అయితే చాలాసార్లు మందులతోనే సరిపోతుంది. మిక్సోమా అనే కణితి అయితే (క్యాన్సర్ కాదులెండి) ఆపరేషన్ చేసి తీసేస్తారు. ఈ రెండు ఖర్చులకూ పొంతనే లేదు. వేలల్లో అయ్యే పరీక్షకు లక్షల్లో అప్పు ఎందుకు?

మీరు అడిగిన అప్పుకు నెలకు వడ్డీయే 12,000. మిగిలిన 16,000తో ఇల్లు గడిచేదెలా? డిపాజిట్ మీద ఏడాదికి వచ్చేది ఆరేడు శాతం, అప్పుకు పోయేది 36 శాతం! గడువుకు ముందే తీస్తే బ్యాంకు కోసుకునేది అర శాతమో ఒక శాతమో. పెళ్లికి, ఇంటికి, పొలానికి అని పేరు పెట్టి దాస్తాం, జబ్బు పేరున మాత్రం రూపాయి ఉండదు. నా దగ్గరికి వచ్చే ఉత్తరాల్లో సగం ఇవే. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉంటే ఈ ప్రశ్నే రాసేవారు కాదు. ఇప్పుడు లేదు కాబట్టి డిపాజిటే తీయండి, రేపే తీయండి. గడ్డలోంచి ముక్క విరిగి మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు, పరీక్ష వాయిదా వేయకండి.

బీమా సంగతి: ఎకో రిపోర్టు దాచి కడితే క్లెయిమ్ తిరస్కరిస్తారు. చెప్పి కడితే ఈ జబ్బుకు మూడేళ్ల దాకా ఆగమంటారు, లేదా పాలసీయే ఇవ్వరు. రేషన్ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి, ఆ పథకం పరిమితి 10 లక్షలు.

స్కానింగ్ గదిలోకి వెళ్లేముందు పుస్తెలతాడు, గాజులు తీసివ్వమంటారు. భద్రంగా ఇంటికి తెచ్చుకోండి. రిపోర్టు చూశాక ఇంకా డబ్బు తక్కువైతే బ్యాంకులో బంగారు రుణానికి అవే పనికొస్తాయి.