ఇండోర్ దాకా పంపాలా, డేటా సైన్స్‌లో చేర్చాలా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. అమ్మాయి బీఎస్సీ ఫిజిక్స్ ఫైనలియర్. ఎమ్మెస్సీ చేసి, సింక్రోట్రాన్ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. నాకేమో డేటా సైన్స్‌లో చేర్చాలని ఉంది. దేశం మొత్తానికి ఆ మెషీన్ ఉన్నది ఇండోర్‌లోనేనట. ఉద్యోగం ఎక్కడ దొరుకుతుంది? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: అయ్యా, మీ దిగులు ఇండోర్ గురించి కాదని నాకు అర్థమైంది. ముప్పై దగ్గర పడేదాకా చదువుతూ కూర్చుంటే పిల్ల ఎప్పుడు స్థిరపడుతుంది, సంబంధాలు ఎప్పుడు చూస్తాం, అదీ సంగతి. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, దాదాపు అన్నీ ఆడపిల్లల తండ్రులు రాసినవే. అబ్బాయి ఇండోర్ వెళ్తానంటే మీరు ఇంత ఆలోచించేవారా? ఒక్కసారి మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి.

పీహెచ్‌డీకి ఇంట్లోంచి డబ్బు కట్టక్కర్లేదు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023లో పెంచిన లెక్కన మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. హెచ్‌ఆర్‌ఏ దానికి అదనం. పిల్ల తన కాళ్ళ మీద తాను నిలబడే ఉంటుంది.

ఇక ఆ మెషీన్ సంగతి. ఇండోర్‌లోని రాజా రామన్న సెంటర్‌లో ఉన్న ఇండస్-2 అనే సింక్రోట్రాన్ రింగు చుట్టుకొలత 172.5 మీటర్లు. 2.5 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తితో తిరిగే ఎలక్ట్రాన్లను అయస్కాంతాలు మలుపు తిప్పిన చోటల్లా ఎక్స్-రేలు పుడతాయి. వాటిని బీమ్‌లైన్లలోకి, అంటే రింగు నుంచి చీలి ప్రయోగం జరిగే చోటికి వెళ్ళే దారుల్లోకి పట్టి బ్యాటరీ పదార్థాలను, ఉత్ప్రేరకాలను, ప్రొటీన్లను పరీక్షిస్తారు. రింగు ఒక ఊళ్ళోనే ఉన్నా వాడుకునేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు: ప్రపోజల్ పెట్టుకుని, బీమ్‌టైమ్ (మెషీన్ వాడుకునేందుకు కేటాయించే సమయం) వచ్చాక వెళ్ళి కొలిచి తిరిగొస్తారు. మీ ఊళ్ళోని పరిశోధన సంస్థలు ఐఐఎస్‌సీ, జేఎన్‌సీఏఎస్‌ఆర్ ద్వారా ఇటలీలోని ఎలెట్రా, జర్మనీలోని పెట్రా-3 రింగుల్లో కూడా మనవాళ్ళు పని చేశారు. చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేసి బయాలజీలోకి మళ్ళారు. కణంలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్ నిర్మాణం తేల్చి 2009లో నోబెల్ అందుకున్నది ఈ ఎక్స్-రేల సాయంతోనే.

పని మాత్రం తేలిక కాదు. పరీక్షించాల్సిన ప్రొటీన్‌తో నెలల తరబడి పెంచిన స్ఫటికం కంటికి ఆనీ ఆననంత ఉంటుంది. దాన్ని సన్నటి లూపుతో ఎత్తి, ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, బీమ్‌కి ఎదురుగా బిగించాలి. హచ్ (ప్రయోగం జరిగే మూసిన గది) తలుపు మూసి, ఇంటర్‌లాక్ అనే భద్రతా తాళం పడ్డాకే షట్టర్ తెరుచుకుంటుంది. అర్ధరాత్రి షిఫ్టులో స్ఫటికం చెదరగొట్టిన ఎక్స్-రేల చుక్కలు తెర మీద సరిగ్గా రాకపోతే, మళ్ళీ మొదటికే. ఆ ఓపిక ఉందో లేదో అమ్మాయే చెప్పాలి.

డేటా సైన్స్ మీద నాకు కోపం లేదు, కొత్తగా పుట్టుకొచ్చిన కోర్సుల మీద మాత్రం గట్టి అనుమానం ఉంది. నేను చూసిన సిలబస్‌లు కొన్నింటిలో లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ నామమాత్రం, మిగతాదంతా ఈ ఏడాది నడుస్తున్న టూల్స్. పిల్లలు బయటికొచ్చేసరికి ఆ టూల్స్ పాతబడిపోతాయి. లక్షలు పోసి చేర్పించిన తల్లిదండ్రులు రెండేళ్ళు తిరక్కుండానే మళ్ళీ నా దగ్గరికే వస్తున్నారు. ఆ ఫీజుకి అప్పు చేద్దామని మీరు అనుకుంటుంటే, దయచేసి ఆగండి. బీమ్‌లైన్ మీద పని చేసే పిల్ల కొలతలు విశ్లేషించడానికి పైథాన్ ఎలాగూ నేర్చుకుంటుంది. రేపు మనసు మారితే డేటా ఉద్యోగానికి వెళ్ళే దారి తెరిచే ఉంటుంది. డేటా సైన్స్ చదివి తర్వాత వెనక్కి ఫిజిక్స్‌కి రావడం చాలా కష్టం. పోల్చమన్నారు కాబట్టి, నాకు కనిపించే తేడా ఇదే.

ఫిజిక్స్‌ వైపే వెళ్తే చూసుకోవాల్సింది గైడ్‌ని. ఆ ల్యాబ్‌లో పీహెచ్‌డీ ఎన్నేళ్ళలో అవుతోంది, చేసినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు, బీమ్‌టైమ్ ఏటా వస్తోందా అని అక్కడి సీనియర్లను అడగాలి. ఆ ఫోన్ అమ్మాయినే చెయ్యనివ్వండి.