పసిబిడ్డ ఎక్స్‌రేలో ‘థైమస్ నీడ’.. గడ్డేమోనని భయపడాలా?

ప్రశ్న: మా బాబుకు ఐదో నెల. దగ్గు తగ్గకపోతే ఛాతీ ఎక్స్‌రే తీయించాం. నిమ్ము లేదన్నారు గానీ, రిపోర్టులో ‘థైమస్ నీడ పెద్దగా ఉంది’ అని రాశారు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. సీటీ స్కాన్ తీయించమంటారా?
- ఒక తల్లి, ఖమ్మం

సలహా: మీరు రాసినదాన్ని బట్టి కంగారు పడాల్సిందేమీ కనిపించడం లేదమ్మా. ఈ వయసులో థైమస్ కనిపించడం మామూలే. రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన ఉండే మెత్తటి గ్రంథి అది. బాబు ఏడుస్తూ ఊపిరి వదిలినప్పుడు ఎక్స్‌రే తీస్తే నీడ ఇంకా వెడల్పుగా పడుతుంది.

పసితనంలో దానికి చేతినిండా పని. ఎముక మజ్జలో పుట్టిన కణాలు కొన్ని అక్కడికి చేరి, దాని పై పొరలో వేగంగా విభజన చెందుతాయి. క్రిములను గుర్తుపట్టే గ్రాహకాన్ని ఒక్కో కణం ఒక్కో తీరులో తయారుచేసుకుంటుంది. ఇక వడపోత మొదలు. మన కణాలు చూపించే గుర్తులను అసలు పోల్చుకోలేని కణం అక్కడే చచ్చిపోతుంది. లోపలి పొరలో ఇంకో విచిత్రం ఉంది. ఇన్సులిన్ లాంటి, వేరే అవయవాల్లో తయారయ్యే ప్రొటీన్లను కూడా థైమస్ కణాలు కాస్త కాస్త తయారుచేసి చూపిస్తాయి. వాటి మీదికి గట్టిగా ఎగబడే కణాలను చాలావరకు తీసేస్తాయి, లేకపోతే అవి రేపు మన ఒంటి మీదే పడతాయి. నూటికి 95కు పైగా ఈ వడపోతలోనే పోతాయి. మిగిలినవే రక్తంలోకి వచ్చే టీ కణాలు, అంటే క్రిములతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు. హెచ్ఐవీ పరీక్షల్లో వినే సీడీ4 కణాలూ ఇందులోవే.

ఇదంతా తెలియని రోజుల్లో, 20వ శతాబ్దం తొలి సగంలో, పెద్ద థైమస్‌ను జబ్బనుకుని పసివాళ్లకు రేడియేషన్ ఇచ్చారు. వాళ్లలో కొందరికి పెద్దయ్యాక థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. ఈ గ్రంథి అసలు పనిని ఎలుక పిల్లల్లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త చూపించింది 1961లో.

సీటీలోనూ రేడియేషన్ ఉంటుంది, అందుకే అవసరం లేకుండా అది వద్దంటాను. అనుమానముంటే అల్ట్రాసౌండ్ చాలు. ఇమ్యూనిటీ సిరప్‌లు కూడా కొనకండి. టీకాలు మాత్రం వేళకు వేయించండి. బాబు నిద్రలో ఉన్నప్పుడు ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి 50 లేదా అంతకన్నా ఎక్కువైనా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించండి.