కూజా మీద గుడ్లగూబ ఉందని టెన్షన్ పడకండి

"తాతగారి పెట్టెలో ఏథెన్స్ వెండి నాణెం దొరికింది, కానీ ఫొటోల్లోలా గుడ్లగూబ నేల మీద లేదు, కూజా మీద నిలబడింది, బరువు 16.7 గ్రాములే, నకిలీయేనా?" అని అడిగారు కదండీ. ఆ తేడాలను బట్టి నకిలీ అనుకోనక్కర్లేదు. మీరు పోల్చి చూసిన ఫొటోలు క్రీ.పూ. 5వ శతాబ్దపు నాణేలవి. అవి చిన్నగా, మందంగా, 17.2 గ్రాముల దాకా ఉంటాయి. మీరు చెప్పింది క్రీ.పూ. 2వ శతాబ్దంలో మొదలైన కొత్త రకం టెట్రాడ్రాక్మ్, అంటే నాలుగు డ్రాక్మాల నాణెం. ఇది వెడల్పుగా, పలచగా ఉంటుంది. 16.7 దీనికి మామూలు బరువే.

ఇప్పుడు భూతద్దం తీసుకోండి. గుడ్లగూబ చుట్టూ ఆలివ్ ఆకుల దండ, పక్కన ఆల్ఫా, థీటా, ఎప్సిలాన్ అనే గ్రీకు అక్షరాలు, సాధారణంగా ఆ ఏడాది అధికారుల పేర్లు కూడా ఉంటాయి. నాకు భలే ఇష్టమైన సంగతి ఆ పడుకోబెట్టిన కూజా మీద ఉంటుంది: ఒకే ఒక్క చిన్న అక్షరం. అది నాణెం ముద్రించిన నెల! ఆల్ఫా అయితే మొదటి నెల, బీటా అయితే రెండోది, అలా మ్యూ దాకా పన్నెండు. పదమూడో అక్షరం న్యూ కనిపిస్తే అది అధిక మాసం వచ్చిన ఏడాది. మన పంచాంగంలాగే వాళ్లదీ చాంద్రమానమే మరి.

అసలు పరీక్ష అంచు దగ్గరే. చుట్టూ అతుకు గీత గానీ, పైన సూదిమొనంత బెజ్జాలు గానీ ఉంటే పోతపోసిన నకిలీ అని అనుమానించాలి. దయచేసి చింతపండుతో మాత్రం తోమకండి. అంచు ఫొటో కూడా పెట్టండి, చూద్దాం.