రశీదు అడగండి, హెల్మెట్ పట్టీ బిగించండి

(బెంగళూరు ట్రాఫిక్ పోలీసు విభాగంలో ఎస్సైగా పనిచేసి రిటైరైన రచయిత పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: మాది అనంతపురం. మారతహళ్లి దగ్గర ఉద్యోగం. బైక్ ఏపీ నంబరుది. మలుపు దాటగానే చెట్టు చాటున నిలబడే పోలీసులు పదే పదే నన్నే ఆపుతున్నారు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా ఒకాయన ‘ఎంతో కొంత ఇచ్చి వెళ్లు’ అన్నాడు. నేనేం చేయాలి? అసలు అలా మాటు వేయడం ఏం పద్ధతి?
– ఒక పాఠకుడు, మున్నేకొళాల

జవాబు: ఇవ్వకండి. రశీదు లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. బండి ఆపమని కానిస్టేబుల్ చెయ్యి చూపవచ్చు గానీ, జరిమానా వేసే అధికారం ఏఎస్సైకి, ఆపై హోదా వారికి మాత్రమే ఉంది. వేస్తే యంత్రం నుంచి రశీదు రావాలి. అందులో మీ బండి నంబరు, చేసిన తప్పు, కట్టాల్సిన మొత్తం ఉంటాయి. అవి చదువుకున్నాకే చెల్లించండి.

మరో సంగతి. 2022 జూన్‌లో అప్పటి కర్ణాటక డీజీపీ ప్రవీణ్ సూద్ ఈ విషయం బహిరంగంగానే తేల్చి చెప్పారు. కంటికి కనిపించే ఉల్లంఘన లేకుండా, కాగితాలు చూడటానికే ఏ బండినీ ఆపకూడదు. తాగి నడిపేవారి కోసం చేసే తనిఖీ ఒక్కటే దీనికి మినహాయింపు. అందుకని ఎందుకు ఆపారో మర్యాదగా అడగండి. ‘సార్, నాను ఏను తప్పు మాడిదె?’ (నేనేం తప్పు చేశాను?) అని కన్నడలో అడిగితే సగం వేడి అక్కడే చల్లారుతుంది. గొంతు మాత్రం పెంచకండి. లైసెన్సు, ఆర్సీ ఫోన్‌లోని ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లో చూపినా చెల్లుతాయి.

మీవైపు నుంచి కూడా ఒకటి సరిచూసుకోండి. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. మీరు ఇక్కడే స్థిరపడితే అనంతపురం ఆర్టీవో దగ్గర ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని ఆ పని పూర్తి చేయండి. తిరగడం విసుగే, కానీ ఆ తర్వాత మీ నంబరు చూసి ఆశపడేవాడు ఉండడు.

ఇక మాటు వేయడం గురించి. నా శాఖను నేను ప్రేమిస్తాను, అయినా ఈ అలవాటు నాకు ఎన్నడూ నచ్చలేదు. చెట్టు చాటున ఉన్న పోలీసు తప్పు జరిగాక పట్టుకుంటాడు. కూడలికి ముందే, అందరికీ కనపడేలా నిలబడినవాడు తప్పును జరగనివ్వడు. 2019లో బెంగళూరు పోలీసులు కొన్ని కూడళ్లలో ట్రాఫిక్ యూనిఫాం తొడిగిన బొమ్మలను నిలబెట్టారు. చాలామంది నవ్వారు. నేను నవ్వలేదు. దూరం నుంచి ఆ తెల్ల చొక్కా కనిపిస్తే కాలు బ్రేకు మీదికి దానంతటదే వెళ్తుంది. ఆ క్షణంలో బతికేవాడు ఒకడున్నా ఆ బొమ్మ పని చేసినట్టే.

మరి ఎందుకు దాక్కుంటారు? పై నుంచి ‘ఈ రోజు ఎన్ని కేసులు’ అన్న ప్రశ్న వచ్చినంత కాలం కింది ఉద్యోగి కేసులు దొరికే చోటే నిలబడతాడు. ప్రమాదం జరిగే చోటు అదే కానవసరం లేదు. పగలు సిల్క్ బోర్డు కూడలి దగ్గర బండ్లు నత్తనడక నడుస్తాయి. అక్కడ గీత దాటినవాడికి చలానా వేయడం సులువు. అదే ఔటర్ రింగ్ రోడ్డు అర్ధరాత్రి ఖాళీగా ఉంటుంది. సిగ్నల్ పసుపు రంగులో మినుకుమినుకుమంటుంది. డివైడర్ సందులోంచి రోడ్డు దాటే మనిషి చీకట్లో కనిపించడు. నా సర్వీసులో నేను పంచనామా రాసిన మరణాల్లో ఎక్కువ భాగం ఇలాంటి వేళల్లోనివే. చనిపోయింది నడిచి వెళ్లేవాళ్లు, బైకుల మీది వాళ్లు. పోలీసుల బలం అక్కడ, ఆ వేళకు ఉండాలి. ఇది నేను సర్వీసులో ఉండగా సమావేశాల్లోనూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్లు. ట్యూషన్‌కు స్కూటర్ మీద వెళ్తానంటాడు. అపార్టుమెంటులో పిల్లలందరూ వెళ్తున్నారు. లోపలి రోడ్లే కదా అని మావారు సరేనన్నారు. పోలీసులు పట్టుకుంటే ఏమవుతుంది?
– ఒక తల్లి, వైట్‌ఫీల్డ్

జవాబు: అమ్మా, ముందు చట్టం చెబుతాను. మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ కింద తప్పు పిల్లవాడిది మాత్రమే కాదు, మీది కూడా. తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. అబ్బాయికి ఇరవై అయిదేళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. పదహారేళ్లకు గేర్లు లేని బండి నడపవచ్చని ఎవరో చెబుతారు. ఆ వెసులుబాటు 50 సీసీ లోపు బండ్లకే. మీ స్కూటర్ అంతకు రెట్టింపు శక్తి గలది.

పోలీసులు పట్టుకుంటే ఏమవుతుందన్నారు. పట్టుకోకపోతే ఏమవుతుందో నేను చూశాను. ఒక పిల్లవాడి హెల్మెట్ రోడ్డు అవతల కాలువ పక్కన దొరికింది. గుల్లకు చిన్న గీత కూడా లేదు. గడ్డం కింది ప్లాస్టిక్ క్లిప్పు కొత్తదానిలా మెరుస్తోంది, పెట్టనే లేదు గనుక. తల మాత్రం నేలకు కొట్టుకుంది. జరిమానా తప్పించుకోవడానికి నెత్తిన పెట్టుకున్న హెల్మెట్ అలాగే ఉంటుంది. ఇది మీకూ, మీవారికీ కూడా. ఐఎస్ 4151 (హెల్మెట్లకు భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న, చెవులు పూర్తిగా కప్పే హెల్మెట్ కొనండి. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లకు మించి సందు ఉండకూడదు. కర్ణాటకలో హెల్మెట్ లేకపోతే జరిమానా 500. ఆ అయిదు వందల లెక్కలోనే ఆలోచించడం మానేయండి.

అబ్బాయికి సైకిల్ కొనివ్వండి. అలిగితే అలగనివ్వండి.

ప్రశ్న: కెమెరా చలానాలు చాలా పేరుకుపోయాయి. జరిమానాలో సగం తగ్గించే రాయితీ మళ్లీ వచ్చేదాకా ఆగవచ్చా? ఒకటి నాది కాదని కూడా అనుమానం.
– బీటీఎం లేఅవుట్ నుంచి

జవాబు: 2023 ఫిబ్రవరిలో రాయితీ ఇచ్చారు, 2025 ఆగస్టు 23 నుంచి సెప్టెంబరు 12 వరకూ ఇచ్చారు. ఇస్తారని ఆగేవాళ్లను తయారుచేసింది ఆ రాయితీలే. వెంటనే, తప్పకుండా పడే చిన్న జరిమానాకు మనిషి భయపడతాడు, ఎప్పుడో సగమయ్యే పెద్ద జరిమానాకు భయపడడు. 2022 డిసెంబరులో యాభై కూడళ్లలో కెమెరాలు పెట్టింది ఆ భయం కోసమే. మీరు చెల్లించేయండి. మీది కాదనుకునే దాని ఫోటో ఆన్‌లైన్‌లో తెరిచి బండి రంగు, నంబరు పలక చూడండి. తేడా ఉంటే ఆ ఫోటో, ఆర్సీ పట్టుకుని ఇన్‌ఫాంట్రీ రోడ్డులోని ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ సెంటర్‌కు వెళ్లండి. మరొకరి తప్పుకు మీరు కట్టనవసరం లేదు.

ప్రశ్న: హెబ్బాళ దగ్గర ఒకాయన బైక్ మీంచి పడిపోతే, స్టేషన్ చుట్టూ తిప్పుతారని ఎవరూ దగ్గరికి వెళ్లలేదు. నిజంగా తిప్పుతారా?
– ఒక పాఠకురాలు, యలహంక

జవాబు: తిప్పకూడదు. సుప్రీంకోర్టు 2016లోనే సాయం చేసేవారికి రక్షణ కల్పించింది, మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ కూడా వచ్చింది. మీ పేరు, చిరునామా చెప్పమని ఎవరూ బలవంతం చేయలేరు. సాక్షిగా ఉండటం మీ ఇష్టం. 108కి ఫోన్ చేయండి, వెనక వచ్చే బండ్లను చెయ్యి ఊపి పక్కకు మళ్లించండి. పడినవారు ఊపిరి పీలుస్తూ ఉంటే మాత్రం వారి హెల్మెట్ లాగకండి. మెడ ఎముకకు దెబ్బ తగిలి ఉండవచ్చు, దాన్ని అంబులెన్సు సిబ్బంది తీస్తారు.