టెక్ సందేహాలు: క్లాసులో పెన్ టాబ్లెట్ పెడితే వృత్తం కోడిగుడ్డు ఎందుకవుతోంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా బడి గురించే. కొత్త విద్యా సంవత్సరానికి స్కూళ్లు కొనాల్సిన వస్తువుల లిస్టులు పంచినట్టున్నాయి. సరే, నేరుగా ప్రశ్నల్లోకి వెళ్దాం.

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ల్యాప్‌టాప్‌కి స్క్రీన్ లేని పెన్ టాబ్లెట్ (పెన్నుతో రాసే ప్యాడ్) తగిలించి, రాసింది ప్రొజెక్టర్ మీద చూపిస్తున్నా. ఇంట్లో బాగానే ఉంటోంది కానీ, క్లాసులో వృత్తం గీస్తే కోడిగుడ్డులా వస్తోంది, ప్యాడ్ సగం దాటగానే గీత ఇంకెక్కడికో పోతోంది. పిల్లలు నవ్వుతున్నారు. ఇది మార్చేసి వేరేది కొనమంటారా?

జవాబు: కొనకండి మాస్టారూ, ప్యాడ్‌లో ఏ లోపమూ లేదు. ఇలాంటి ప్యాడ్ మీద ఏ మూల పెన్ను పెడితే స్క్రీన్ మీద ఆ మూలకే కర్సర్ వెళ్తుంది, అంటే ప్యాడ్ మొత్తం స్క్రీన్ మొత్తానికి సరిపోయేలా సాగుతుందన్నమాట. ఇంట్లో మీకు ఉన్నది ఒక్క స్క్రీనే. క్లాసులో ప్రొజెక్టర్ తగిలించగానే విండోస్ దాన్ని రెండో స్క్రీన్‌గా పక్కన అతికిస్తే, మీ చిన్న ప్యాడ్ ఆ రెండు స్క్రీన్ల వెడల్పునూ మోయాల్సి వస్తుంది, అందుకే ఎడమ సగంలో రాసింది ల్యాప్‌టాప్ మీద, కుడి సగంలో రాసింది గోడ మీద పడుతోంది, వృత్తం అడ్డంగా సాగుతోంది. విండోస్ కీ, పీ కీ కలిపి నొక్కి డూప్లికేట్ (రెండు స్క్రీన్ల మీదా ఒకే బొమ్మ) ఎంచుకోండి. సగం బాధ అక్కడే పోతుంది.

మిగతా సగం ఏంటంటే, డూప్లికేట్ పెట్టినా పాత ప్రొజెక్టర్లలో వెడల్పు, ఎత్తుల నిష్పత్తి చాలావరకు 4:3, ప్యాడ్‌లలో ఎక్కువగా 16:10, దాంతో ఈసారి వృత్తం నిలువుగా సాగుతుంది. టాబ్లెట్ డ్రైవర్ (ప్యాడ్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్) తెరిచి, ప్యాడ్‌ని ఏ స్క్రీన్‌కి జతచేయాలో చెప్పే మ్యాపింగ్‌లోకి వెళ్తే, వాకామ్ కంపెనీ ప్యాడ్‌లో అయితే ఫోర్స్ ప్రొపోర్షన్స్ అని ఉంటుంది, టిక్ పెట్టండి. ప్యాడ్ మీద కొంత జాగా వృథా అవుతుంది, అవనివ్వండి, వృత్తం వృత్తంలా రావడమే కదా మనకు కావాల్సింది. ఒకవేళ ల్యాప్‌టాప్‌లో మీ నోట్స్ వేరుగా, గోడ మీద పాఠం వేరుగా కావాలంటే మాత్రం డూప్లికేట్ వద్దు, అదే మ్యాపింగ్‌లో ప్రొజెక్టర్ స్క్రీన్ ఒక్కదాన్నే ఎంచుకోండి.

పెన్ను ఒకచోట కాసేపు ఆపితే రింగు తిరిగి మెనూ తెరుచుకుంటోందా? కంట్రోల్ ప్యానెల్లో పెన్ అండ్ టచ్‌లో ప్రెస్ అండ్ హోల్డ్ తీసేయండి. ఇక చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట ఉండటం అలవాటు కావడానికి టైమ్ పడుతుంది, అది స్టాఫ్ రూమ్‌లో ప్రాక్టీస్ చేసుకోండి, పిల్లల ముందు వద్దు.

ప్రశ్న: మా బాబు మూడో తరగతి, ఉప్పల్‌లో ఉంటాం. స్కూల్ వాళ్లు డిజిటల్ రైటింగ్ ప్యాడ్ కొనమన్నారు. ఆన్‌లైన్‌లో మూడొందలకూ ఉన్నాయి, ముప్పై వేలకూ ఉన్నాయి. తేడా ఏంటి?

జవాబు: అవి రెండూ వేర్వేరు వస్తువులమ్మా. మూడొందలది ఎల్‌సీడీ పలక. ప్లాస్టిక్ పొర కింద లిక్విడ్ క్రిస్టల్ ఉంటుంది, నొక్కిన చోట వెలుతురు తిరిగొచ్చి గీత కనిపిస్తుంది, రాయడానికి కరెంటే అక్కర్లేదు, చెరపడానికి మాత్రం చిన్న బటన్ సెల్ ఉంటుంది. రాసింది సేవ్ కాదు, బటన్ నొక్కితే మొత్తం పోతుంది. ఎక్కాలకూ డిక్టేషన్‌కూ బంగారంలా ఉంటుంది. ఆ సెల్ మూతకు స్క్రూ ఉన్నదే కొనండి, ఇంట్లో ఇంకా చిన్నపిల్లలుంటే మరీ జాగ్రత్త, బటన్ సెల్ మింగితే లోపల కాలి ప్రాణం మీదకొస్తుంది.

ముప్పై వేలది పెన్నుతో పనిచేసే పూర్తి ట్యాబ్. మధ్యలో ఒక మోసం ఉంది. అమ్మేవాళ్లు మామూలు ట్యాబ్ పక్కన రబ్బరు మొన స్టైలస్ పెట్టి, చూశారా రాస్తోంది అంటారు. ఆ స్టైలస్‌కీ వేలికీ ట్యాబ్ తేడా గుర్తుపట్టదు, అరచెయ్యి ఆనినా గీతే, గట్టిగా నొక్కినా అదే గీత. శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్‌లో ఎస్ పెన్ (ఆ కంపెనీ పెన్ను) డబ్బాలోనే వస్తుంది, దానికి బ్యాటరీ కూడా ఉండదు, స్క్రీన్ కింద నుంచే శక్తి అందుతుంది. అదే కంపెనీ గెలాక్సీ ట్యాబ్ ఏ9 లో మాత్రం ఎస్ పెన్ పనిచేయదు. ఐప్యాడ్ వైపు వెళ్తే, తక్కువ ధరకు వచ్చే యూఎస్‌బీ-సీ యాపిల్ పెన్సిల్‌లో ఒత్తిడికి తగ్గట్టు గీత లావు కాదు. నోట్సుకు చాలు, బొమ్మలకు కాదు.

నన్నడిగితే మూడో తరగతికి ముప్పై వేలది అనవసరం. స్కూలు పట్టుబడితే పేరెంట్స్ మీటింగ్‌లో రెండే అడగండి: నోట్స్ ఎవరి అకౌంట్‌లో సేవ్ అవుతాయి, నలభై ట్యాబ్‌లకు ఛార్జింగ్ పాయింట్లు ఎక్కడున్నాయి. ఆ డబ్బుతో ప్రతి టీచర్‌కీ నాలుగైదు వేల పెన్ టాబ్లెట్ ఒకటి కొనిస్తే పిల్లలకు ఎక్కువ లాభమని నా గట్టి నమ్మకం.

ప్రశ్న: ఎస్6 లైట్‌కి హెచ్‌డీఎంఐ కేబుల్ కొన్నాను, ప్రొజెక్టర్‌లో ఏమీ రావట్లేదు.

జవాబు: రాదు. ఆ ట్యాబ్ ఛార్జింగ్ పోర్టులోంచి వీడియో బయటికి రాదు, కేబుల్ తిరిగిచ్చేయండి. ట్యాబ్‌లోనే ఉండే స్మార్ట్ వ్యూతో వైర్‌లెస్‌గా పంపాలి, దాన్ని అందుకోవడానికి ప్రొజెక్టర్‌కి మిరాకాస్ట్ డాంగిల్ అనే చిన్న పరికరం కావాలి. ఇంకేం కొనాలన్నా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) మీ ట్యాబ్ పట్టుకెళ్లి, షాపులోనే పెట్టి చూసుకుని డబ్బులివ్వండి.

ప్రశ్న: డ్రాయింగ్ టీచర్‌ని. మా ల్యాబ్‌లో పాత కంప్యూటర్లు, అన్నిట్లో విండోస్ బదులు ఉబుంటు. ఫొటోషాప్ కొనే స్తోమత లేదు.

జవాబు: క్రిటా అనే సాఫ్ట్‌వేర్ వేయించండి టీచర్ గారూ, పూర్తిగా ఉచితం, బొమ్మలు వేయడానికే పుట్టింది. వాకామ్ ప్యాడ్‌లకు ఉబుంటులో డ్రైవర్ వెతుక్కోనక్కర్లేదు, తగిలిస్తే చాలు. పాత మెషిన్లు నత్తనడక నడవకుండా కాన్వాస్ చిన్నది పెట్టండి: ఏ4 సైజు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 2480 × 3508 పిక్సెళ్లు, 150 డీపీఐలో 1240 × 1754 మాత్రమే, అంటే మెషిన్ మీద భారం నాలుగో వంతు. పిల్లల ప్రాక్టీసుకు ఇది బోలెడు. యూపీఎస్ లేకపోతే సెట్టింగ్స్‌లో ఆటోసేవ్ రెండు నిమిషాలకు కుదించండి, ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయిందంటే క్లాసంతా ఏడుపే.